బొగ్గుగని ఫేస్‌లో (బొగ్గు కోసే చోట) నీళ్లు కొడుతున్నా శాంపిల్‌లో దుమ్ము తగ్గట్లేదా?

సమస్య: కంటిన్యువస్ మైనర్ (బొగ్గు కోసే యంత్రం) నడిచే ప్యానెల్, అంటే గనిలో ఒక పని భాగం. స్ప్రేలు నడుస్తున్నాయి, గాలి బాగానే తిరుగుతోంది, అయినా ఆపరేటర్‌కి కట్టిన శాంప్లర్‌లో పీల్చే దుమ్ము పరిమితి దాటుతోంది.

ముందు శాంప్లర్‌నే అనుమానించండి. మధ్యలో విప్పి పక్కన పడేస్తే సైక్లోన్ (ముతక దుమ్మును వేరుచేసే భాగం) తలకిందులై, అడుగు గిన్నెలోని ముతక దుమ్ము ఫిల్టర్ మీదికి చేరుతుంది. ఫిల్టర్‌పై కంటికి రవ్వలు కనిపిస్తే ఆ శాంపిల్ పారేయండి. షిఫ్టు మొదట్లో, చివర్లో కొలిచిన గాలి ఫ్లోల మధ్య 5 శాతం దాటి తేడా ఉన్నా అంతే. నిమిషానికి 2.2 లీటర్ల చొప్పున 480 నిమిషాలంటే 1.056 ఘనపు మీటర్ల గాలి. ఫిల్టర్ బరువు 3.2 మిల్లీగ్రాములు పెరిగితే ఘనపు మీటరుకి సుమారు 3 మిల్లీగ్రాములు.

తర్వాత నాజిళ్లు. పంపు దగ్గర గేజి చూసి వచ్చేస్తారు చాలామంది. మధ్యలో స్ట్రైనర్ (నీటి జల్లెడ) మూసుకుపోతే ఆ గేజి ఏం చెబుతుంది? స్ప్రే బ్లాక్ దగ్గర గేజి బిగించి, నాజిళ్లన్నీ తెరిచి ఉండగా ప్రెషర్ చూడండి. మూసుకున్న నాజిల్‌ని ఇనుప తీగతో పొడవకండి. రంధ్రం పెద్దదై నీళ్లు ధారగా పడతాయి, దుమ్మును పట్టవు. మార్చేయండి.

ఇవన్నీ బాగుంటే, ఫేస్‌ని వదిలి, బొగ్గు మోసే బెల్ట్ దగ్గరికి నడవండి. అసలు దొంగ ఎక్కువగా అక్కడే ఉంటాడు.

బెల్ట్ ఇంటేక్‌లో (తాజా గాలి వచ్చే దారిలో) ఉంటే బొగ్గు బయటికి, గాలి లోపలికి. డ్రైవ్ హెడ్ (బెల్ట్‌ని తిప్పే కొస) దగ్గర, బెల్ట్‌ని గీకి శుభ్రం చేసే స్క్రేపర్ బ్లేడు అరిగితే తడి బొగ్గుపొడి బెల్ట్‌కే అంటుకుని కింది వరుసలో తిరిగొస్తుంది. దారిలో ఆరి, ప్రతి రిటర్న్ రోలర్ దగ్గరా నలిగి రాలుతుంది. సన్నదంతా గాలితో ఫేస్‌కి పోతుంది. లోడ్ లేకుండా బెల్ట్ తిరుగుతున్నా దుమ్ము ఆగదు, ఇదే గుర్తు. రోలర్ల కింద కుప్పని వేళ్లతో నలపండి. పొడిగా, గోధుమపిండిలా జారితే కారణం దొరికినట్టే. ఖాయం చేసుకోవడానికి ఒకే షిఫ్టులో రెండు శాంప్లర్లు పెట్టండి: ఒకటి గాలి బెల్ట్‌ని చేరకముందు, రెండోది ఫేస్‌లోకి వెళ్లబోయే చోట. రెండోదే బాగా ఎక్కువ చూపిస్తే ఫేస్‌లో ఎన్ని నాజిళ్లు పెంచినా వృథా.

పరిష్కారం: బ్లేడు మార్చి, బెల్ట్‌కి పూర్తి వెడల్పున ఆనేలా బిగించండి. డ్రైవ్ హెడ్ దాటాక కింది వరుసకి తక్కువ ప్రెషర్ స్ప్రే పెట్టండి. ప్రెషర్ పెంచితే గాలే ఊపందుకుని దుమ్ము ఇంకా రేగుతుంది. పొర్లిన బొగ్గు కింది వరుస లోపలి వైపు పడి టెయిల్ పుల్లీ (బెల్ట్ వెనక కొసన తిరిగే చక్రం) కింద పిండవుతుంది కాబట్టి, దాని ముందు ప్లౌ (బొగ్గుని పక్కకి తోసే బ్లేడు) ఉండాలి, ఆ వైపూ తడపాలి. స్ప్రే వాల్వ్ బెల్ట్‌తోపాటే తెరుచుకుని, దానితోపాటే మూసుకోవాలి. లేకపోతే ఒకచోటే నీళ్లు పడి బెల్ట్ జారుతుంది, రెండో రోజే ఎవరో ఒకరు వాల్వ్ కట్టేస్తారు. కింద కుప్పల్ని తడిపాకే పార పెట్టించండి. పొడిగా ఎత్తితే ఆ షిఫ్టు దుమ్మంతా ఎత్తేవాడి ఊపిరితిత్తుల్లోకే.

అరుదైనవి: శాంపిల్ తీసే రోజే గాలి వచ్చే వైపు స్టోన్ డస్టింగ్ (రాతిపొడి చల్లడం) చేయడం, ఫేస్ ముందుకు జరిగినా డక్ట్ (గాలి గొట్టం) పొడిగించకపోవడం. పైకప్పు రాయి కోస్తుంటే మాత్రం ఫిల్టర్‌ని సిలికా పరీక్షకి పంపండి. సిలికా 5 శాతం దాటితే పరిమితే తగ్గిపోతుంది, అదే బరువుకి ఫలితం మారిపోతుంది.