ఈఎస్ఐ సిక్‌నెస్ బెనిఫిట్: చీటీ రాయించుకోవడం నుంచి డబ్బు ఖాతాలో పడేదాకా

ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) అంటే మందులు, ఆసుపత్రి అనే చాలామంది అనుకుంటారు. జబ్బు చేసి పనికి వెళ్లలేని రోజులకు జీతంలో 70 శాతం నగదుగా కూడా ఇస్తుంది, దాన్నే సిక్‌నెస్ బెనిఫిట్ అంటారు. పే స్లిప్పులో ఈఎస్ఐ కోత కనిపిస్తున్న ప్రతి కార్మికుడూ ఈ డబ్బు ఎలా అడగాలో తెలుసుకుని ఉండాలి. ఎందుకంటే అడగకపోతే అది రాదు, ఆలస్యం చేస్తే తగ్గిపోతుంది.

పది మందికి తక్కువ కాకుండా పనిచేసే చోట, నెల జీతం 21,000 రూపాయలలోపు ఉన్నవాళ్లు (దివ్యాంగులైతే 25,000) దీని కిందికి వస్తారు. జీతంలో 0.75 శాతం మీ దగ్గర కోస్తారు, 3.25 శాతం యజమాని కడతాడు. మధ్యలో జీతం 21,000 దాటినా ఆ కంట్రిబ్యూషన్ పీరియడ్ (కోత లెక్కగట్టే ఆరు నెలలు) ముగిసేదాకా కోత ఆగదు, దానికి తగిన హక్కూ పోదు.

అర్హత లెక్క ఇదీ. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు ఒక కంట్రిబ్యూషన్ పీరియడ్, అక్టోబర్ 1 నుంచి మార్చి 31 వరకు ఇంకొకటి. మొదటిదాంట్లో కనీసం 78 రోజులకు కంట్రిబ్యూషన్ ఉంటే, వచ్చే జనవరి నుంచి జూన్ వరకు జబ్బు చేసినప్పుడు డబ్బు వస్తుంది, ఈ ఆరు నెలలను బెనిఫిట్ పీరియడ్ అంటారు. రెండోదాంట్లో 78 రోజులుంటే జూలై నుంచి డిసెంబర్ వరకు. అంటే ఇవాళ జబ్బు పడితే చూసేది నిన్నమొన్నటి హాజరు కాదు, అంతకుముందు ముగిసిన ఆరు నెలల లెక్క. కొత్తగా చేరినవాళ్లకు, చేరిన తేదీ నుంచి తొమ్మిది నెలలు గడిచాకే మొదటి బెనిఫిట్ పీరియడ్ మొదలవుతుంది. వాళ్ల మొదటి కంట్రిబ్యూషన్ పీరియడ్ 156 రోజులకన్నా తక్కువైతే 78 రోజులు అక్కర్లేదు, అందులో పనికి వీలున్న రోజుల్లో సగానికి కంట్రిబ్యూషన్ ఉంటే చాలు. యజమాని మీ పేరున ఎన్ని రోజులు చూపించాడో ఈఎస్ఐసీ (ఈఎస్ఐని నడిపే సంస్థ) పోర్టల్‌లో మీ ఇన్సూరెన్స్ నంబరుతో లాగిన్ అయి చూడొచ్చు. జబ్బు పడకముందే చూసుకోవడం మంచిది. మంచం పట్టాక రోజుల లెక్క సరిచేయించడం చాలా కష్టం.

ఇక డబ్బు ఎక్కువగా పోయేది మొదటి రోజు దగ్గరే. జ్వరం రాగానే వీధి చివర డాక్టర్ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని, తగ్గకపోతే అయిదో రోజు ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్లేవాళ్లు చాలామంది. డబ్బుకు కావలసిన జబ్బు సర్టిఫికెట్‌ను డిస్పెన్సరీ డాక్టరు వెనక తేదీ వేసి రాయరు, చూసిన రోజు నుంచే రాస్తారు. పైగా ప్రతి జబ్బు సెలవులో మొదటి రెండు రోజులకు డబ్బు లేదు. కిందటిసారి డబ్బు తీసుకున్న జబ్బు ముగిసిన 15 రోజుల్లోపు మళ్లీ పడుకుంటే మాత్రం ఈ రెండు రోజుల కోత ఉండదు.

రోజు సగటు జీతం 500 రూపాయలనుకోండి, బెనిఫిట్ రోజుకు 350. పది రోజుల జ్వరానికి మొదటి రోజే డిస్పెన్సరీకి వెళితే ఎనిమిది రోజులకు 2,800 వస్తుంది. అయిదో రోజు వెళితే సర్టిఫికెట్ ఆరు రోజులకే ఉంటుంది. అందులో రెండు పోగా నాలుగు రోజులకు 1,400. జ్వరం ఒకటే, డబ్బు సగమైంది.

మొదట ఇచ్చేది ఫస్ట్ సర్టిఫికెట్. తగ్గకపోతే మధ్యమధ్య ఇంటర్మీడియట్ సర్టిఫికెట్లు, పనికి పోవచ్చనుకున్నాక ఫైనల్ సర్టిఫికెట్. వీటి తేదీల మధ్య ఒక్క రోజు ఖాళీ ఉన్నా ఆ రోజుకు డబ్బు రాదు. అందుకే ముందు చీటీ గడువు తీరకముందే మళ్లీ చూపించుకోవాలి. ఫైనల్ తీసుకోకుండా నేరుగా డ్యూటీలో చేరితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. వైద్యం జరుగుతున్నంతకాలం డాక్టరు అనుమతి లేకుండా సొంతూరు వెళ్లిపోకూడదు. విశ్రాంతికి ఊరెళ్లాలనిపించడం సహజమే, కానీ అడిగి వెళ్లండి.

డాక్టరు చీటీ రాస్తే డబ్బు దానంతటదే వస్తుందనుకోవద్దు. డిస్పెన్సరీ వేరు, డబ్బు ఇచ్చే ఈఎస్ఐసీ బ్రాంచి ఆఫీసు వేరు. సర్టిఫికెట్లతో పాటు ఫారం 9 నింపి బ్రాంచి ఆఫీసులో ఇవ్వాలి, లేదా పోర్టల్‌లో క్లెయిమ్ వేయాలి. ఫస్ట్ సర్టిఫికెట్‌ను మూడు రోజుల్లోగా చేర్చండి. బ్యాంకు ఖాతా వివరాలు, ఆధార్‌లో పేరు, ఈఎస్ఐ రికార్డులో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంతో ఉన్నా పని ఆగుతుంది. ఆ రోజుల్లో మీరు నిజంగా పనికి రాలేదని బ్రాంచి ఆఫీసు యజమానిని అడిగి నిర్ధారించుకోవచ్చు. హాజరు పట్టీలో పొరపాటున డ్యూటీ పడి ఉంటే ఆ రోజు కొట్టేస్తారు.

అర్ధరాత్రి అత్యవసరంగా ప్రైవేటు ఆసుపత్రిలో చేరాల్సి వస్తే డిశ్చార్జి సమ్మరీ, రిపోర్టులు, బిల్లులు అన్నీ దాచండి. వాటిని ప్రత్యామ్నాయ ఆధారంగా పరిశీలిస్తారు, అవసరమైతే మెడికల్ రిఫరీ (జబ్బును సరిచూసే ఈఎస్ఐసీ డాక్టరు) దగ్గరకు పంపుతారు.

వరసగా వచ్చే రెండు బెనిఫిట్ పీరియడ్లలో కలిపి గరిష్ఠంగా 91 రోజులకే సిక్‌నెస్ బెనిఫిట్ ఇస్తారు. క్షయ, క్యాన్సర్, కుష్ఠు, పక్షవాతం వంటి దీర్ఘకాలిక జబ్బులకు ఎక్స్‌టెండెడ్ బెనిఫిట్ ఉంది. అది 80 శాతం చొప్పున, రెండేళ్ల వరకు. దానికి రెండేళ్ల ఉద్యోగం, చివరి నాలుగు కంట్రిబ్యూషన్ పీరియడ్లలో 156 రోజుల కంట్రిబ్యూషన్ ఉండాలి. పనిచేస్తూ దెబ్బ తగిలితే మాత్రం అది సిక్‌నెస్ కాదు. దానికి 90 శాతం వస్తుంది, 78 రోజుల షరతు లేదు. కాబట్టి ప్రమాదం జరిగిన రోజే యజమాని దగ్గరుండే యాక్సిడెంట్ బుక్కులో రాయించండి. మామూలు జబ్బుగా చీటీ రాయించుకుంటే 20 శాతం నష్టపోతారు.

కంపెనీ ఇచ్చే జీతపు సెలవు, ఈఎస్ఐ డబ్బు ఒకే రోజుకు రెండూ రావు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద ఏటా 12 రోజుల జీతపు సిక్ లీవు ఉంది, విడిగా 12 రోజుల క్యాజువల్ లీవు కూడా. ఈఎస్ఐ డబ్బు రాని ఆ మొదటి రెండు రోజులకు వీటిని పెట్టుకోండి.