ఎయిర్ చక్‌లో స్క్వేర్ జాబ్ జారుతోందా? ప్రెజర్ పెంచే ముందు ఇవి చూడండి

మాది హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న జాబ్‌వర్క్ షెడ్డు. 40 ఎంఎం స్క్వేర్ ఈఎన్8 స్టీల్ బ్లాకుల ఆర్డర్ వచ్చినప్పుడు, నాలుగు పక్కలున్నాయి కదా నాలుగు జాల (జాబ్‌ని పట్టుకునే దవడల) చక్ అయితే సరిపోద్దని లేత్‌కి సెల్ఫ్ సెంటరింగ్ ఎయిర్ చక్, అంటే గాలి ప్రెజర్‌తో బిగుసుకునేది, ఒకటి తెచ్చి బిగించాం, ఆ తర్వాత నెల రోజులు పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. అందుకే ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి "అన్నా, స్క్వేర్ జాబ్ జారుతోంది, ప్రెజర్ ఎంత పెట్టాలె" అని అడిగితే, ముందు ఆ రెగ్యులేటర్ మీద నుంచి చెయ్యి తియ్యి అంటా.

ఒక బ్లాక్ గట్టిగా ఉంటది, ఇంకోటి ఊగుతది

ఎక్కువ మందికి వచ్చేది ఇదే. రెండు ఎదురెదురు పక్కల మీద జా అచ్చులు లోతుగా పడతాయి, మిగతా రెండు పక్కలు నున్నగా ఉంటాయి, టూల్ తగలగానే జాబ్ కొంచెం వాలిపోతుంది. వెంటనే నమ్మకండి, టెస్ట్ చేయండి. ఒక్కో జా కింద సన్న కాగితం ముక్క పెట్టి బిగించండి, తర్వాత నాలుగూ లాగి చూడండి. ఏది సులువుగా వచ్చేస్తే ఆ జా అసలు పట్టుకోవట్లేదన్నమాట. మా దగ్గర నాలుగింట్లో రెండు వచ్చేశాయి!

కారణం ఏంటంటే సెల్ఫ్ సెంటరింగ్‌లో నాలుగు జాలూ ఒకేసారి, ఒకే దూరం కదులుతాయి. బ్లాక్ బార్ (హాట్ రోలింగ్‌లో వచ్చే నల్ల బార్) తీసుకుంటే ఒకవైపు 40.3 ఉండొచ్చు, ఇంకోవైపు 39.8 ఉండొచ్చు, అప్పుడు 40.3 పక్కనున్న జత ముందు తగిలి అక్కడే ఆగిపోతుంది, రెండో జతకి ఒక్కోవైపు పావు ఎంఎం గ్యాప్ మిగిలిపోతుంది. ప్రెజర్ ఎంత పెంచినా తగిలిన జతే ఇంకా నొక్కుతుంది తప్ప ఆ గ్యాప్ పూడదు, జాబ్ మీద అచ్చులు మాత్రం పెరుగుతాయి. మూడు జాల చక్‌కి ఈ బాధ లేదు, గుండ్రటి దాన్ని మూడు జాలూ ఎప్పుడూ తాకుతాయి, ఆ అలవాటుతోనే మనం స్క్వేర్‌లో మోసపోతాం.

పరిష్కారం మీ మాల్‌ని బట్టి ఉంటది. బ్రైట్ బార్‌కి (నున్నగా, కొలతకి దగ్గరగా వచ్చే బార్) మారితే హెచ్11 టాలరెన్స్‌లో 40 సైజుకి కొలత 0 నుంచి మైనస్ 0.16 లోపల ఉంటుంది, తేడా తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. బార్ నిజంగా స్క్వేర్‌గా వస్తుంటే రెండు జాల చక్‌లో సాఫ్ట్ జాలకి (మనకి కావాల్సినట్టు కోసుకునే మెత్తటి జాలు) 90 డిగ్రీల వీ ఆకారం గాడి కొట్టించి మూలల దగ్గర పట్టుకోవచ్చు, వీ అడుగున మూల తగలకుండా రిలీఫ్ (కొంచెం ఖాళీ) మాత్రం తప్పకుండా తీయించండి. బ్లాక్ బార్‌కి వీ వద్దు, రెండు కొలతలు వేరైతే అవతలి వీ ఒక పక్కనే ఆనుతుంది. నెలనెలా వేలల్లో చేసే జాబ్ అయితే నా ఓటు 2+2 కాంపెన్సేటింగ్ చక్‌కే. అందులో ఒక జత ముందు తగిలి ఆగినా రెండో జత ఇంకా కదులుతుంది, రెండూ తాకాకే పూర్తి బలం పడుతుంది, 50కి 40 లాంటి దీర్ఘచతురస్రం కూడా మధ్యలోకే వస్తుంది. ధర ఎక్కువే, కానీ రిజెక్ట్ అయిన బ్లాకుల లెక్క పక్కన పెట్టి చూస్తే నాకు అది ఎక్కువ అనిపించలేదు. పది పదిహేను ముక్కలే అయితే ఎయిర్ చక్ ఆలోచనే వద్దు, ఒక్కో జా విడిగా కదిలే ఇండిపెండెంట్ ఫోర్ జా చక్ వేసి, డయల్ గేజ్ పెట్టి సెంటర్ చేసుకోండి. మన కవాడిగూడ ప్రాగా టూల్స్‌లో చేసిన పాత చక్‌లు ఇప్పటికీ ఎన్నో షెడ్లలో ఇదే పని చేస్తున్నాయి.

ఆగి ఉన్నప్పుడు గట్టిగా ఉంది, స్పీడ్ పెంచితే వదులైతుంది

ఇది చక్ తప్పు కాదు, బరువు తప్పు. తిరిగేటప్పుడు జాలు బయటకి విసురుకుంటాయి. సాఫ్ట్ జాతో కలిపి ఒక్కోటి కిలో ఉండి, దాని బరువు సెంటర్ నుంచి 80 ఎంఎం దూరంలో ఉందనుకుంటే, 2000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో జా సుమారు 350 కిలోల బలంతో బయటకి లాగుతుంది, 3000కి పోతే అది దాదాపు 800 అవుతుంది. నాలుగు జాలకి లెక్క వేసుకోండి. స్క్వేర్ కోసం పొడుగ్గా, బండగా చేయించిన సాఫ్ట్ జాలే ఇక్కడ కొంప ముంచేది. అక్కర్లేని మెటల్ కొట్టేయించండి, నాలుగూ తూకం వేసి సమానం చేయండి, ఆర్‌పీఎం తగ్గించండి.

దీంతో పాటే చక్‌ని వెనక నుంచి లాగే గాలి సిలిండర్ లెక్క కూడా చూడండి. 200 ఎంఎం బోర్ పిస్టన్ ఏరియా 314 చదరపు సెంటీమీటర్లు, చదరపు సెంటీమీటర్‌కి 6 కిలోల ప్రెజర్ ఇస్తే రాడ్ ఏరియా తీసేశాక సుమారు 1800 కిలోల లాగుడు. కానీ ఆ 6 కంప్రెసర్ దగ్గరున్న గేజ్‌లో కనిపించేది కాకూడదు. మా షెడ్డులో అక్కడ 6 ఉంటే, పక్కన గ్రైండర్ గాలి వాడుతుండగా మెషిన్ దగ్గర 4.2 చూపించింది, అంటే మూడో వంతు దాకా బలం దారిలోనే పోయింది. పైపు సైజు పెంచి, మెషిన్ పక్కనే చిన్న ట్యాంకు పెట్టాక సర్దుకుంది. చక్‌కి మాలిబ్డినం గ్రీజు కొట్టి ఎన్ని రోజులైందో కూడా ఆలోచించండి, లోపల పొడిగా ఉంటే సిలిండర్ బలంలో చాలా భాగం రాపిడికే పోతుంది.

పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నానికి పట్టు తగ్గుతుంది

వానాకాలం ఇక్కడ ఈ కంప్లైంట్ ఎక్కువ. గాలిలో తేమ కంప్రెసర్‌లో నీళ్లయి లైన్లోకి వస్తుంది, ఫిల్టర్ గిన్నె నిండితే సిలిండర్‌లోకే పోతుంది, సీల్స్ పాడైపోతాయి. రోజూ పొద్దున డ్రెయిన్ చేయండి, లూబ్రికేటర్‌లో నూనె చూడండి, సబ్బు నీళ్లు రాసి జాయింట్లలో బుడగలు వస్తున్నాయేమో చూడండి. అంతా బాగుండి కూడా సిలిండర్ వెనక తిరిగే జాయింట్ దగ్గర సుయ్‌మంటే సీల్ కిట్ మార్చాల్సిందే.

చక్‌లో ఉన్నప్పుడు బోర్ ఓకే, విప్పితే ఓవల్

లోపల బోర్ ఉండి గోడలు పల్చగా ఉన్న స్క్వేర్ జాబ్‌లలో ఇలా అవుతుంది. జాలు నొక్కితే గోడలు లోపలికి వంగుతాయి, వంగిన దాన్ని గుండ్రంగా బోర్ చేస్తాం, విప్పగానే గోడలు బయటకి పోతాయి. రెండు జాలతో అయితే ఓవల్ వస్తుంది. నాలుగు జాలతో అయితే ఇంకో చిక్కు, అడ్డం నిలువు రెండు వైపులా బోర్ గేజ్ ఒకే కొలత చూపిస్తుంది, 45 డిగ్రీలు తిప్పితే గానీ తేడా బయటపడదు, కాబట్టి మూలల వైపు కూడా కొలవండి. రఫింగ్‌కి ఒక ప్రెజర్, ఫినిషింగ్‌కి తక్కువ ప్రెజర్ వచ్చేలా రెండో రెగ్యులేటర్ పెట్టించండి, జా ఆనే వెడల్పు పెంచండి.

ఇన్సర్ట్ (టూల్ కొసన ఉండే కార్బైడ్ ముక్క) మూలలు ఎగిరిపోవడం గురించి ఒక్క మాట, చాలాసార్లు అది చక్ సమస్య కానే కాదు. 800 ఆర్‌పీఎంలో నాలుగు మూలలు నిమిషానికి 3200 సార్లు టూల్‌ని కొడతాయి. 40 స్క్వేర్‌ని 40 డయాకి తిప్పాలంటే మూల దగ్గర పక్కకి 8 ఎంఎం పైనే ఉంటుంది, ఒకే పాస్‌లో తీయకండి, టఫ్ గ్రేడ్ ఇన్సర్ట్ వేయండి.

కొనేటప్పుడు

చక్ కొనడానికి సికింద్రాబాద్ రాణిగంజ్‌కి వెళ్తే మూడు వేర్వేరు బండిళ్ల నుంచి కోసిన ముక్కలు చేతిలో పట్టుకెళ్లండి, రెండు వైపుల కొలతలూ ఒక కాగితం మీద రాసుకోండి. సైజు చూసేటప్పుడు పక్క కాదు, కర్ణం చూడాలి, 40 స్క్వేర్ అంటే కర్ణం 56.6, స్పిండిల్ నుంచి బార్ దూర్చాలంటే డ్రా ట్యూబ్ (సిలిండర్‌ని చక్‌కి కలిపే గొట్టం) లోపలి రంధ్రం దానికంటే పెద్దగా ఉండాలి. 8 ఇంచుల వెడ్జ్ రకం పవర్ చక్‌లో జా స్ట్రోక్ (కదిలే దూరం) ఒక్కోవైపు మూడు నాలుగు ఎంఎం మాత్రమే, కాబట్టి సైజు మారినప్పుడల్లా జాలు మార్చుకోవాల్సి వస్తుంది. స్పిండిల్ రంధ్రం మొత్తం ఖాళీగా కావాలంటే ముందు వైపే సిలిండర్ ఉండే ఎయిర్ చక్‌లున్నాయి, వాటికి ఆగి ఉన్నప్పుడే గాలి ఇస్తారు, ఆర్‌పీఎం తక్కువ, పైపులు తిప్పేవాళ్లకి బాగుంటాయి.

ఇంకోటి, ధర తగ్గించమని అడిగితే కొందరు సిలిండర్‌లో ఉండాల్సిన నాన్ రిటర్న్ వాల్వ్ (గాలిని వెనక్కి పోనివ్వనిది), గాలి లైన్లో ఉండాల్సిన ప్రెజర్ స్విచ్ తీసేసి కోట్ ఇస్తారు, ఒప్పుకోకండి. కంప్రెసర్ ఆగిపోయినా, పైపు ఊడినా వాల్వ్ ఉంటే లోపలి గాలి పట్టుకుని ఉంటుంది, ప్రెజర్ పడిపోగానే స్విచ్ స్పిండిల్‌ని ఆపేస్తుంది. బిగించిన రోజే జాబ్ లేకుండా, తక్కువ స్పీడ్‌లో తిప్పుతూ గాలి వాల్వ్ మూసి ఒకసారి చూడండి, స్పిండిల్ ఆగకపోతే ఆ మెషిన్ దగ్గర ఎవరినీ నిలబెట్టకండి.