మాడిసన్‌ను చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఆ ఫ్యాక్షన్ వేరు, మన ఫ్యాక్షన్ వేరు

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక మాట: జేమ్స్ మాడిసన్ అమెరికా రాజ్యాంగ రూపకర్తల్లో ముఖ్యుడు, తర్వాత ఆ దేశాధ్యక్షుడు. ఆ రాజ్యాంగాన్ని ఆమోదించమని ప్రజలను ఒప్పించడానికి పత్రికల్లో రాసినవే ఫెడరలిస్టు వ్యాసాలు, మనం చదివేవి వాటిలో ఆయనవి. ఈసారి నేరుగా 51వ ఫెడరలిస్టు వ్యాసంలోకి దిగుదామనుకున్నాను. పోయిన పాఠానికి మీరు రాసిన అభ్యాసాలు చదివాక ఆ పని కాసేపు పక్కన పెట్టాను. పదో వ్యాసాన్ని పది వాక్యాలకు కుదించమన్నాను కదా, చాలామంది శ్రద్ధగానే రాశారు. కానీ సగం మందికి పైగా ఒకే చోట కాలు జారారు. "ఫ్యాక్షన్ అంటే రెండు కుటుంబాల మధ్య తరతరాల పగ. దాన్ని అణచాలంటే గట్టి ప్రభుత్వం కావాలని మాడిసన్ వాదన" అని ఒకరు రాశారు. తప్పు మీది కాదు. ఆ మాటను విడమర్చకుండా ఇంగ్లీషులో ఉన్నట్టే వదిలేసింది నేను.

మాది అనంతపురం జిల్లా. నా చిన్నప్పుడు వీధిలో ఎవరైనా ఆ మాట గట్టిగా అంటే మా అమ్మ లేచి వెళ్లి తలుపు గడియ పెట్టేది. మన చెవికి ఫ్యాక్షన్ అంటే వేటకొడవలి, నాటుబాంబు, కోర్టు వాయిదా. 1787 నవంబరులో న్యూయార్క్ పత్రికలో ఆ మాట వాడిన వర్జీనియా మనిషికి ఈ అర్థం తెలియదు. మన అర్థం పట్టుకుని చదివితే వ్యాసం తలకిందులవుతుంది.

ఆయన నిర్వచనాన్ని తెలుగులో పెడతాను, నోట్‌బుక్‌లో రాసుకోండి: కొంతమంది పౌరులు, మొత్తంలో వాళ్లు ఎక్కువమందైనా సరే తక్కువమందైనా సరే, ఏదో ఒక ఉమ్మడి ఆవేశంతోనో ప్రయోజనంతోనో ఒక్కటై, తోటి పౌరుల హక్కులకు గానీ సమాజపు శాశ్వత ప్రయోజనాలకు గానీ ఎదురు నడవడం.

ఇందులో కత్తి లేదు, పగ లేదు, నాయకుడు కూడా లేడు. "ఎక్కువమందైనా సరే" అన్న ముక్క మాత్రం ఉంది. వ్యాసానికి ఇరుసు అదే. దాన్ని వదిలేసి రాసిన సారాంశం ఎంత బాగున్నా నేను సున్నానే వేస్తాను.

ఒక చెరువు అనుకోండి. తూము దగ్గర పొలాలున్నవాళ్లు డెబ్బై ఇళ్లు, ఆయకట్టు చివర ముప్పై ఇళ్లు. అందరూ రచ్చబండ దగ్గర కూర్చుని చేతులెత్తి తీర్మానం చేశారు: ఈ ఏడు చివరి మడులకు నీళ్లు లేవు. గొడవ జరగలేదు, ఎవరూ ఎవరినీ తిట్టలేదు, లెక్క కూడా సరిగ్గానే ఉంది. మాడిసన్ దృష్టిలో ఆ డెబ్బై ఇళ్లూ ఫ్యాక్షనే. ఓటు వేసి చేశారు కాబట్టి కాకుండా పోదు. మన అర్థంలోని ఫ్యాక్షన్ నేరం, దానికి పోలీసులున్నారు. ఈ ఫ్యాక్షన్ చట్టం రూపంలోనే వస్తుంది, పోలీసులు దాన్నే అమలు చేస్తారు. అందుకే ఆయనకు నిద్ర పట్టలేదు.

ఇది ఊహించి రాసిన భయం కాదు. 1774 జనవరిలో, ఇరవై రెండేళ్ల వయసులో, స్నేహితుడు విలియం బ్రాడ్‌ఫర్డ్‌కు ఉత్తరం రాస్తూ, పక్క కౌంటీలో ఐదారుగురు మంచి మనుషులు తమ మతభావాలు ప్రకటించినందుకు జైల్లో మగ్గుతున్నారని వాపోయాడు. వాళ్లను జైల్లో పెట్టింది దొంగల ముఠా కాదు, అధికారిక చర్చిని వెనకేసుకొచ్చిన చట్టం. 1786లో రోడ్ ఐలండ్‌లో అప్పులున్నవాళ్లు శాసనసభలో బలం సంపాదించి కాగితపు డబ్బు అచ్చువేయించి, అప్పిచ్చినవాళ్లు దాన్ని తీసుకుని తీరాలన్నారు. పదో వ్యాసం చివర్లో "కాగితపు డబ్బు పిచ్చి" అని ఆయన ఎత్తుకున్నది ఇలాంటి వాటినే.

ఒక మనవి. ఫ్యాక్షన్‌ను "పార్టీ" అని అనువదించకండి. "వర్గం" కూడా వద్దు, దానికి కులవాసనో మార్క్సు వాసనో తగులుకుంటుంది. నేను "స్వార్థకూటమి" అని రాసుకుంటాను. నిఘంటువులు వేరే మాటలిస్తాయి, నాకు మాత్రం ఇదే పనికొచ్చింది.

రెండో పొరపాటు చిన్నది. మంటకు గాలి ఎలాగో స్వార్థకూటమికి స్వేచ్ఛ అలాగ అని ఆయన అన్నాడు. దాన్ని చూసి కొందరు "కాబట్టి స్వేచ్ఛను తగ్గించాలన్నాడు" అని రాశారు. తర్వాతి వాక్యం చదవండి. మంటను పెంచుతుందని గాలిని లేకుండా చేయాలనుకోవడం ఎంత తెలివితక్కువో ఇదీ అంతేనన్నాడు. బీజాలు మనిషి స్వభావంలోనే ఉన్నాయి, కారణాన్ని పీకెయ్యలేం, ఫలితాన్ని అదుపు చేద్దాం. దేశం పెద్దదైతే ప్రయోజనాలు ఎక్కువై, ఏ ఒక్క కూటమీ తేలిగ్గా మెజారిటీ కాలేదు. ఆ మిగతా వాదన మీరంతా సరిగ్గానే పట్టుకున్నారు.

ఇప్పుడు 51కి వెళదాం. ఇది 1788 ఫిబ్రవరిలో వచ్చింది. మనుషులు దేవదూతలైతే ప్రభుత్వమే అక్కర్లేదన్న వాక్యం ఇందులోదే. దాన్ని కోసి గోడ మీద అతికించినవాళ్లు లెక్కలేనంతమంది. వాక్యం అక్కడ ఆగదు. మనుషుల్ని దేవదూతలు ఏలితే ప్రభుత్వానికి బయటి కట్టడిగానీ లోపలి కట్టడిగానీ అవసరం ఉండదు అని వెంటనే అంటాడు. మొదటి సగం ప్రజల గురించి, రెండో సగం పాలకుల గురించి. మొదటి సగమే చదివితే మాడిసన్ కొరడా పట్టుకున్నవాడిలా కనిపిస్తాడు. రెండో సగంతో కలిపితే అదే కొరడాను కొరడా పట్టుకున్నవాడి మీదికీ తిప్పినట్టు తెలుస్తుంది.

ఇలాంటి చోట నేనొక పని చేస్తాను. ప్రతి వాక్యం పక్కనా పెన్సిల్‌తో రెండు మాటలు రాస్తాను: ఎవరు? ఎవరిని? "ముందు పాలితులను అదుపు చేసే శక్తి ప్రభుత్వానికివ్వాలి, ఆ తర్వాత అది తనను తాను అదుపు చేసుకునేలా కట్టడి చేయాలి" అన్న వాక్యం దగ్గర ఈ రెండు ప్రశ్నలూ వేయండి. ఒకే వాక్యంలో ప్రభుత్వం "ఎవరు" దగ్గర ఒకసారి, "ఎవరిని" దగ్గర ఒకసారి వస్తుంది. ప్రజల మీద ఆధారపడటమే మొదటి కట్టడి అని ఆయన ఒప్పుకున్నాడు, అనుభవం మీద అదనపు జాగ్రత్తలు కావాలన్నాడు. పదవీకాంక్షకు పదవీకాంక్షనే ఎదురు నిలపాలన్నది ఆ జాగ్రత్తే. శాసనసభను రెండుగా చీల్చడం, అధ్యక్షుడి వీటో, వీటన్నిటినీ ఇక్కడ వివరించను, మీకు తెలిసినవే.

51 చదివినవాళ్లు ఆ రోజే 55 కూడా చదవాలి. వరుస తప్పినా ఫర్వాలేదు. మనిషిలో కొంత చెడ్డతనం ఉంది, దానికి కొంత అపనమ్మకం అవసరం, అయితే కొంత గౌరవానికీ నమ్మకానికీ తగిన గుణాలు కూడా ఉన్నాయి, ప్రజాపాలనకు ఆ గుణాలు మరే పాలనకన్నా ఎక్కువ కావాలి అంటాడు. అదే 1788 జూన్‌లో, రాజ్యాంగాన్ని ఆమోదించాలా వద్దా అని తేల్చడానికి కూడిన వర్జీనియా సభలో లేచి, మనలో సద్గుణమే లేదా, లేకపోతే మన స్థితి దీనమే, అప్పుడు ఏ ప్రభుత్వ రూపమూ మనల్ని కాపాడలేదన్నాడు. ఈ మాటలు పక్కన పెట్టి మాడిసన్‌ను నిరాశావాది అనేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఆయన లెక్కలో రెండు పద్దులున్నాయి. ఒకటి చెరిపేసి మొత్తం వేస్తే లెక్క తప్పుతుంది.

మూడో పద్దు ఒకటుంది. దాన్ని నేను దాచను, మీరూ దాచకండి. వర్జీనియాలో తన మాంట్‌పెలియర్ తోటలో సుమారు వందమంది బానిసల శ్రమ మీద బతికిన మనిషి ఈయన. 1787 జూన్ 6న, రాజ్యాంగం రాయడానికి కూడిన ఫిలడెల్ఫియా సభలో, ఒట్టి రంగు తేడాను ఆధారం చేసుకుని మనిషి మనిషి మీద అత్యంత క్రూరమైన ఆధిపత్యం చెలాయించాడని తన నోటితోనే అన్నాడు. ఆ ఉదాహరణను మెజారిటీ ఎలా అణచివేస్తుందో చెప్పడానికే వాడాడు. 1836లో చనిపోతూ వీలునామాలో తన బానిసలను విడిపించలేదు.

అభ్యాసం ఈసారి బరువైనది, వారం తీసుకోండి.

1783 సెప్టెంబరు 8న మాడిసన్ తండ్రికి రాసిన ఉత్తరం వెతికి చదవండి. బిల్లీ అనే బానిసను ఫిలడెల్ఫియా నుంచి వర్జీనియాకు తిరిగి తేవడం లేదని చెప్పే ఉత్తరం. అతని మనసు బాగా "పాడైంది" కాబట్టి తోటి బానిసల మధ్యకు పనికిరాడంటాడు. అంతలోనే, మనం ఇంత నెత్తురు ధారపోసి కొనుక్కున్న, ప్రతి మనిషి హక్కని పదేపదే చాటిన స్వేచ్ఛనే కోరుకున్నందుకు అతన్ని ఎందుకు శిక్షించాలని అడుగుతాడు. విడుదల చేయలేదు, పరిమిత కాలపు సేవకుడిగా పెన్సిల్వేనియాలోనే అమ్మేశాడు.

ఆ పేరా తెలుగులోకి తిప్పండి. ప్రతి వాక్యం పక్కనా ఎవరు, ఎవరిని అని రాయండి. తర్వాత స్వార్థకూటమి నిర్వచనం తీసి, అందులో "తోటి పౌరులు" అన్న మాట దగ్గర ఆగి, బిల్లీ ఆ మాట లోపల ఉన్నాడా బయట ఉన్నాడా అని ఒక పేజీ రాయండి. నా జవాబు వచ్చే పాఠం దాకా చెప్పను, మీది ముందు చదవాలి.