ఆంప్ ఆఫ్, ఫ్యాన్ కూడా ఆఫ్: ఎలక్ట్రిక్ గిటార్‌ని ప్లగ్ పెట్టకుండా ప్రాక్టీస్ చెయ్యడం ఎలా

రాత్రి పదయ్యాక ఆంప్ (గిటార్ సౌండ్‌ని పెద్దది చేసే పెట్టె) ఆన్ చేస్తే పక్క ఫ్లాట్‌వాళ్ళు ఊరుకోరు, అందుకే మనలో చాలామంది ఎలక్ట్రిక్ గిటార్‌ని కేబుల్ లేకుండానే వాయిస్తుంటాం. కానీ దాన్ని ఎవరూ ప్రాక్టీస్ కింద లెక్కెయ్యరు, సిరీస్ ఏదో చూస్తూ ఊరికే వేళ్ళు ఆడిస్తున్నాం అనుకుంటారు. నన్నడిగితే టచ్ బాగుపడేది ఆ టైంలోనే, కాకపోతే ఒకటే షరతు, వినపడట్లేదని గట్టిగా కొట్టకూడదు. ప్లగ్ లేకుండా వాయించి చెయ్యి పాడుచేసుకునేవాళ్ళు పాడుచేసుకునేది ఇక్కడే. సౌండ్ కోసం పిక్‌తో (స్ట్రింగ్ మీటే చిన్న ప్లాస్టిక్ ముక్క) బాదేస్తారు, ఆ అలవాటు ఆంప్ ముందుకి కూడా వచ్చేస్తుంది, ఇంక మెల్లగా వాయించాల్సిన చోట కూడా ప్రతి నోటూ అరుస్తుంది. సౌండ్ చాలకపోతే చెయ్యి పెంచొద్దు, చెవిని దగ్గరికి తీసుకెళ్ళండి. అదెలాగో కింద చెప్తా.

ముందు అసలు సౌండ్ ఎందుకు తక్కువొస్తుందో చూద్దాం. అకౌస్టిక్‌లో డొల్లగా ఉన్న పెట్టె, దాని మీద పల్చటి చెక్క, స్ట్రింగ్ ఊగితే ఆ చెక్క ఊగి గాలిని తోస్తుంది. సాలిడ్ బాడీ ఎలక్ట్రిక్‌లో చెక్క దిమ్మ అంతగా ఊగదు. అది లోపం కాదు, కావాలనే అలా చేశారు, ఎందుకంటే డొల్ల బాడీ గిటార్లు పెద్ద వాల్యూమ్‌లో కూయడం మొదలుపెట్టేవి, ఫీడ్‌బ్యాక్ అంటాం కదా అదే. లియో ఫెండర్ 1950లో సాలిడ్ బాడీని మార్కెట్‌లోకి తెచ్చాక ఆ గోల చాలావరకు తగ్గింది. సౌండ్ బాధ్యత మొత్తం పికప్‌ది, అంటే అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ చుట్ట, పైన స్టీల్ స్ట్రింగ్ ఊగితే ఆ చుట్టలో చిన్న కరెంట్ పుడుతుంది, ఆంప్ దాన్ని పెద్దది చేస్తుంది.

అసలు సంగతి గెయిన్ పెంచినప్పుడు, అంటే ఆంప్‌లో సిగ్నల్‌ని అతిగా పెంచి డిస్టార్షన్ అనే గరుకు సౌండ్ తెప్పించినప్పుడు. డిస్టార్షన్ అనేది సిగ్నల్ ఎత్తుల్ని కత్తిరించేస్తుంది, దాంతో గట్టి నోటు, బలహీనమైన నోటు దాదాపు ఒకే లెవెల్‌లో వినిపిస్తాయి. సగం సగం పడిన హ్యామర్ ఆన్ (మీటకుండా ఎడమచేతి వేలు దించి పలికించే నోటు) కూడా బ్రహ్మాండంగా ఉంటుంది. వాయించడానికి హాయిగా ఉంటుంది గానీ చేతిలో ఉన్న లోపం ఏదీ బయటపడదు. కేబుల్ పీకేస్తే అన్నీ బయటికొస్తాయి.

సరే, ఇప్పుడు కూర్చోండి. మొదటి పని, సీలింగ్ ఫ్యాన్ ఆపండి. సీరియస్‌గానే అంటున్నా, ఫ్యాన్ నాలుగులో ఉంటే ఒకటో స్ట్రింగ్, రెండో స్ట్రింగ్ (అన్నిటికన్నా సన్నవి) డీటెయిల్ మొత్తం అందులో కలిసిపోతుంది. మే నెలలో ఇది మామూలు త్యాగం కాదు, కాబట్టి ఎండాకాలం పొద్దున్నే కూర్చోవడం మేలు. తర్వాత గిటార్ పైకొమ్ము, అంటే స్ట్రాప్ తగిలించే చోట ముందుకి పొడుచుకొచ్చిన భాగం ఉంటుంది కదా, తల వంచి దానికి చెవి ఆనించండి, దవడ ఎముక ఆనినా సరే. ఒక్కసారిగా స్ట్రింగ్ తలలోపల మోగుతుంది. చాలా మెల్లగా మీటినా వినపడుతుంది. లేదంటే హెడ్‌స్టాక్ (ట్యూనింగ్ పెగ్‌లు ఉండే చివరి భాగం) కొసని చెక్క అల్మారాకో టేబుల్‌కో మెల్లగా ఆనించండి, ఆ చెక్కే సౌండ్ బాక్స్ అయిపోయి వాల్యూమ్ బాగా పెరుగుతుంది. స్టీల్ బీరువా మాత్రం వద్దు, లోపల హ్యాంగర్లు కూడా మోగుతాయి. పెగ్‌లకి తగలనివ్వకండి, ట్యూనింగ్ పోతుంది. చెవి ఆనించి గంటలు గంటలు వాయించమని కాదు, మెడ పట్టేస్తుంది, అప్పుడప్పుడూ చెక్ చేసుకోడానికి అంతే.

క్లిప్ ట్యూనర్ ఒకటి హెడ్‌స్టాక్‌కి పెట్టుకోండి. అది చెక్కలో వచ్చే వైబ్రేషన్‌ని పట్టుకుంటుంది కాబట్టి కేబుల్ అక్కర్లేదు, పైగా ట్యూనింగ్ కన్నా ఎక్కువ పనికొస్తుంది, చూడండి ఎలాగో.

ఎడమ చెయ్యి ఒత్తిడితో మొదలుపెడదాం. మూడో స్ట్రింగ్ ఐదో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) దగ్గర చూపుడు వేలు ఊరికే ఆనించండి, నొక్కొద్దు. కుడిచేత్తో ఒకే బలంతో మెల్లగా మీటుతూ ఉండండి. ముందు తప్ తప్ అని చచ్చిన సౌండ్ వస్తుంది. మీటడం ఆపకుండా వేలి బరువు కొంచెం కొంచెం పెంచండి, ఒక చోట జుయ్ మని గరగర మొదలవుతుంది, ఇంకాస్త పెంచితే గరగర పోయి నోటు శుభ్రంగా పలుకుతుంది. అక్కడ ఆగిపోండి. ఆ నోటుకి కావాల్సింది అంతే, మీరు రోజూ నొక్కేది దానికి రెట్టింపో ఇంకా ఎక్కువో అయ్యుంటుంది. ఇప్పుడు అదే బరువుతో వేలిని ఫ్రెట్ కడ్డీకి దూరంగా వెనక్కి జరపండి, గరగర మళ్ళీ వచ్చేస్తుంది. కడ్డీకి ఆనుకుని వెనకే వేలు పెడితే తక్కువ బలం చాలు, మధ్యలో పెడితే ఎక్కువ కావాలి, ఇది పుస్తకంలో చదివితే ఎక్కదు, ఇలా వింటేనే ఎక్కుతుంది.

ఇప్పుడు ట్యూనర్ చూస్తూ అదే నోటు, సి, శుభ్రంగా పలికించి, మీటుతూనే వేలితో కసిగా నొక్కండి. ముల్లు కుడివైపుకి జరుగుతుంది, అంటే నోటు షార్ప్ అయిపోతోంది. ఎత్తు ఫ్రెట్‌లు ఉన్న గిటార్‌లో, తొమ్మిది నంబర్ లాంటి సన్నటి స్ట్రింగ్స్ మీద ఇది ఇంకా బాగా తెలుస్తుంది. గిటార్ ట్యూన్‌లోనే ఉంది, కార్డ్ మాత్రం ఏదో తేడాగా ఉంది అని చాలామంది తల పట్టుకుంటారు, కారణం చాలాసార్లు ఈ నొక్కుడే. బొటనవేలు నెక్ వెనక నుంచి తీసేసి ఒక స్కేల్ వాయించి చూడండి, కొంచెం ఇబ్బందిగా ఉన్నా వాయించగలగాలి, అస్సలు కుదరట్లేదంటే పిండేస్తున్నారని అర్థం.

ఒక మాట, ప్లగ్ లేకుండా వినిపించే చిన్న చిన్న ఫ్రెట్ బజ్‌కి, అదే ఆ గరగరకి, కంగారుపడి సెటప్ కోసం షాపుకి పరిగెత్తకండి. ఆంప్‌లో వినపడని బజ్‌ని పట్టించుకోనక్కర్లేదు. పన్నెండో ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ కింద ఖాళీ ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు ఉంటే ఎలక్ట్రిక్‌కి అది మామూలే.

ఇక కుడిచెయ్యి. మెట్రోనోమ్ (టిక్ టిక్ మని బీట్ కొట్టే యాప్) 60లో, అంటే నిమిషానికి అరవై బీట్లకి పెట్టి, ఫోన్ నుంచి ఒక చెవికే ఇయర్‌ఫోన్, అదీ తక్కువ వాల్యూమ్‌లో, రెండో చెవి గిటార్‌కి వదిలెయ్యాలి. ఒకే స్ట్రింగ్, ఒకే ఫ్రెట్, బీట్‌కి రెండు నోట్లు, ఒకటి కిందికి ఒకటి పైకి. కళ్ళు మూసుకుని వినండి, ఏది డౌన్ స్ట్రోకో ఏది అప్ స్ట్రోకో చెప్పగలుగుతున్నారంటే రెండూ సమానంగా లేవన్నమాట. మామూలుగా అప్ స్ట్రోక్ పల్చగా ఉంటుంది. దాన్ని పెంచకండి, డౌన్ స్ట్రోక్‌ని తగ్గించి దాని దగ్గరికి తీసుకురండి. పిక్ కొస స్ట్రింగ్ దాటి ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగితే చాలు, లోపలికంటా దింపితే ప్రతిసారీ తవ్వుకుని బయటికి రావాల్సొస్తుంది, స్పీడ్ అక్కడే చస్తుంది. నోటుకి ముందు టిక్ మని ఎండు సౌండ్ వస్తోందంటే పిక్ ఆల్రెడీ ఊగుతున్న స్ట్రింగ్ మీద ఎక్కువసేపు ఆగుతోందని, కొంచెం వాలుగా పట్టుకుంటే తగ్గుతుంది.

తర్వాత మూడు సైజులు పెట్టుకోండి, మీకు మాత్రమే వినపడేంత మెల్లగా ఒకటి, మధ్యరకం ఒకటి, గట్టిగా ఒకటి. ఒక్కో బార్ (నాలుగు బీట్లు) ఒక్కో సైజులో. మీ మామూలు వాయింపు మధ్యరకం దగ్గర ఉండాలి, అప్పుడే పైకి వెళ్ళడానికి చోటుంటుంది. గట్టి సైజు ప్రాక్టీస్ చెయ్యడం ఎవరికీ నేర్పక్కర్లేదు, మెల్లటిదే కష్టం, పైగా మెల్లగా వాయించేటప్పుడు టైమింగ్ ముందుకి ఉరకడం మొదలవుతుంది, అది గమనించుకోండి.

హ్యామర్ ఆన్, పుల్ ఆఫ్ (వేలు లాగి వదిలి కింది నోటు పలికించడం) గురించి ఎక్కువ చెప్తా, ప్లగ్ లేకుండా అన్నిటికన్నా లాభం వీటికే. రెండో స్ట్రింగ్ ఐదో ఫ్రెట్ చూపుడు వేలితో పట్టి మీటండి, పిక్ వాడకుండా ఏడో ఫ్రెట్ మీద ఉంగరం వేలు దించండి. రెండో నోటు సగం కూడా రాలేదు కదా? గెయిన్ వేసి వాయించే అలవాటుంటే దాదాపు అందరికీ ఇంతే. ఇక్కడ అందరూ బలం పెంచుతారు, కావాల్సింది వేగం. వేలు ఎంతో పైనుంచి రానక్కర్లేదు, అర అంగుళం ఎత్తు నుంచి చటుక్కున, కడ్డీకి ఆనుకుని వెనకే పడాలి, పడ్డాక మాత్రం మామూలు ఒత్తిడికి వచ్చెయ్యాలి. పుల్ ఆఫ్‌లో వేలు పైకి ఎత్తేస్తే నోటు మాయమైపోతుంది, నేల వైపుకి కొంచెం లాగి వదలాలి, అంటే ఆ వేలే మీటినట్టు. అలా లాగేటప్పుడు కింద ఆనించిన చూపుడు వేలు కదిలితే నోటు వంకరపోతుంది. చూపుడు, ఉంగరం వేళ్ళ జంట కుదిరాక ఉంగరం, చిటికెన వేళ్ళ జంట చెయ్యండి, అది ఎవరికైనా నీరసంగానే ఉంటుంది, విసుక్కోకండి. ముంజేయి మండితే ఆపెయ్యండి, నొప్పిని భరించి సాధించేదేమీ లేదు.

ఎక్సర్‌సైజ్‌కి అందరూ ఒకటి రెండు మూడు నాలుగు క్రోమాటిక్ (వరసగా ఒక్కో ఫ్రెట్) వాయిస్తారు, తప్పులేదు, బోర్ అంతే. చిన్నప్పుడు సంగీతం క్లాసుకెళ్ళినవాళ్ళు మాయామాళవగౌళలో సరళీ వరిసలు నేర్చుకునే ఉంటారు, వాటిని గిటార్ మీద పెట్టండి. ఏ (A) నోటుని షడ్జం చేసుకుంటే ఆరో స్ట్రింగ్ మీద 5, 6 ఫ్రెట్‌లు స, రి. ఐదో స్ట్రింగ్ మీద 4, 5, 7, 8 గ, మ, ప, ద. నాలుగో స్ట్రింగ్ మీద 6, 7 ని, పై స. మెట్రోనోమ్ 50 దగ్గర పెట్టి ముట్టుకోవద్దు, మొదటి కాలం బీట్‌కి ఒక స్వరం, రెండో కాలం రెండు, మూడో కాలం నాలుగు. మూడు కాలాల్లోనూ ఒకే వాల్యూమ్ ఉండాలి, ఇదే పరీక్ష. మూడో కాలానికి వచ్చేసరికి చెయ్యి బిగిసి సౌండ్ పెరిగిపోతుంది, పెరిగిందంటే మెట్రోనోమ్ 40కి దించెయ్యండి. చేతికి అలవాటైన పెంటటోనిక్ (ఐదు స్వరాల స్కేల్) షేపు కాదు కాబట్టి బుర్ర కూడా నిద్రపోదు.

కర్ణాటక సంగీతం ఎలక్ట్రిక్ మీద ఏంటి అనేవాళ్ళకి మన పాలకొల్లు యు. శ్రీనివాస్ గారే సమాధానం, ఆయన వాయించింది ఎలక్ట్రిక్ మాండలిన్, మామూలు మాండలిన్‌కి ఉండే జంట తీగలు తీసేసి ఒంటి తీగలతో. జారు, గమకం అన్నీ ఎడమచేతి టచ్‌లోంచే పలికించారు. ఒకే స్ట్రింగ్ మీద స నుంచి ప వరకు ఒక్క వేలితో జారుతూ, దారిలో నోటు చచ్చిపోకుండా తీసుకెళ్ళి చూడండి, ఒత్తిడి గురించి పైన చెప్పిందంతా అక్కడ అర్థమవుతుంది.

బెండింగ్‌కి, అంటే స్ట్రింగ్‌ని పక్కకి తోసి నోటు పెంచడానికి, మూడో స్ట్రింగ్ తీసుకోండి. ముందు తొమ్మిదో ఫ్రెట్ నోటు, ఇ, మీటి చెవిలో పెట్టుకోండి, తర్వాత ఏడో ఫ్రెట్ నుంచి బెండ్ చేసి అక్కడికి చేరండి. ఉంగరం వేలు వెనక ఇంకో రెండు వేళ్ళు సాయం, తిరగాల్సింది మణికట్టు. ట్యూనర్ చివర్లో చూడండి, ముందే చూస్తే కళ్ళతో ట్యూన్ చేస్తారు. ప్లగ్ లేకపోతే నోటు తొందరగా ఆరిపోతుంది కాబట్టి తచ్చాడటానికి టైం ఉండదు, నేరుగా వెళ్ళి పడాలి.

ఇప్పుడు ప్లగ్ లేకుండా రానిది చెప్పుకోవాలి, మ్యూటింగ్, అంటే వాయించని స్ట్రింగ్స్‌ని మోగకుండా ఆపడం. మీరు ఒక స్ట్రింగ్ వాయిస్తుంటే పక్కవి వాటంతటవే కొంచెం ఊగుతుంటాయి, కేబుల్ లేనప్పుడు అది చెవికి అందదు, గెయిన్‌లో పెడితే అదే పెద్ద హోరు. ప్లగ్ లేకుండా నెలల తరబడి వాయించి ఒకరోజు స్టేజ్ మీద పెట్టి బిత్తరపోయేవాళ్ళు ఇందుకే. ఇంట్లో చెక్ చేసుకోడానికి ఒక ఉపాయం ఉంది, ఒక ఫ్రేజ్ వాయించి చివరి నోటుని అదే వేలితో ఆపేసి, మిగతా ఏదీ కదపకుండా పైకొమ్ముకి చెవి ఆనించండి. ఇంకా ఏదైనా మోగుతోందా? ఏ స్ట్రింగో పట్టుకోండి. లావు స్ట్రింగ్స్ అయితే కుడి అరచేతి అంచు ఆనాలి, సన్నవైతే చూపుడు వేలి అడుగు భాగం వాటి మీద వాలాలి, పక్కనే పైనున్న స్ట్రింగ్‌ని వేలి కొస తాకుతుండాలి.

అందుకే ప్రాక్టీస్‌లో చివరి పావుగంట ప్లగ్ పెట్టండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకునే చిన్న ఆంప్ ఉన్నా చాలు. అంతకుముందు వాయించిన ఫ్రేజే ముందు క్లీన్‌లో (డిస్టార్షన్ లేకుండా), తర్వాత గెయిన్‌లో. క్లీన్‌లో నోట్లు ఎత్తుపల్లాలుగా ఉంటే మర్నాడు పికింగ్ మీద కూర్చోండి, గెయిన్‌లో చెత్త వినిపిస్తే మ్యూటింగ్ మీద. సస్టెయిన్, ఫీడ్‌బ్యాక్, వాల్యూమ్ నాబ్ వాడకం ఇవన్నీ ఆంప్ ముందే నేర్చుకోవాలి, వాటికి ఆదివారం మధ్యాహ్నం పక్క ఫ్లాట్‌వాళ్ళు ఊరెళ్ళినప్పుడు చూసుకోండి.