వంకర గవ్వతో నిఖార్సయిన ర్యాండమ్ నంబరు

అపార్ట్‌మెంట్లో 12 ఫ్లాట్లు, మంచి పార్కింగ్ ఒక్కటే, డ్రా తీయాలి. "ఎవరైనా ఒక నంబరు చెప్పండి" అని మాత్రం అనకండి, ఒకటి నుంచి పది లోపు చెప్పమంటే చాలామంది ఏడు దగ్గరే ఆగుతారు. కంప్యూటర్‌ని అడుగుదామంటే, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మామూలు ర్యాండమ్ మాడ్యూల్ వెనక ఉన్నది మెర్సెన్ ట్విస్టర్ అనే లెక్క, అది ఇచ్చే 32 బిట్ల సంఖ్యలు వరసగా 624 చూసినవాడు తర్వాతది ముందే చెప్పేయగలడు. ఆటలకు చాలు. పాస్‌వర్డ్‌లకైతే పైథాన్‌లోనే ఉన్న సీక్రెట్స్ మాడ్యూల్ వాడండి.

ఇంట్లో గవ్వ ఉందా? గవ్వ బొమ్మాబొరుసులా సమానంగా పడదు కదా అంటారు. నిజమే, పడదు, పడక్కర్లేదు కూడా. 1951లో గణిత శాస్త్రవేత్త జాన్ వాన్ న్యూమన్ చెప్పిన కిటుకు ఇది: గ్లాసులో వేసి బాగా గిలకొట్టి, ఒకే గవ్వని రెండుసార్లు వేయండి. ముందు వెల్లకిలా తర్వాత బోర్లా పడితే 1, ముందు బోర్లా తర్వాత వెల్లకిలా పడితే 0, రెండుసార్లూ ఒకేలా పడితే ఆ జత వదిలేయండి. గవ్వ నూటికి 60 సార్లు వెల్లకిలా పడేదే అనుకుందాం, మొదటి వరసకు అవకాశం 0.6 × 0.4, రెండోదానికి 0.4 × 0.6, రెండూ 0.24 అన్నమాట! వంకర ఎంతుందో మనకు తెలియకపోయినా లెక్క సరిపోతుంది, అసలు అందం అక్కడే ఉంది. వదిలేసిన జతలోని రెండో ఫలితాన్ని తర్వాతి జతలో కలిపారో, మొత్తం చెడుతుంది.

ఇలా నాలుగు అంకెలు వచ్చాక వాటి స్థానాలకు వరసగా 8, 4, 2, 1 విలువలిచ్చి, 1 వచ్చిన స్థానాల విలువలు మాత్రమే కూడండి. 1 నుంచి 12 లోపు వస్తే అదే ఫ్లాట్. 0, 13, 14, 15 వస్తే నాలుగూ మళ్లీ మొదటి నుంచి. 12తో భాగించి శేషం తీసుకుందామని ఏ ఇంజినీరో అంటాడు, వినకండి, అలా చేస్తే కొన్ని ఫ్లాట్లకు రెట్టింపు అవకాశం దక్కుతుంది. పైన చెప్పిన గవ్వకైతే సగటున ఇరవై పైచిలుకు సార్లు వేయాలి, టీ పెట్టుకోండి.

గవ్వ పడేది కూడా న్యూటన్ సూత్రాల ప్రకారమే కదా, ఇది నిజమైన ర్యాండమ్ ఎలా అవుతుందని వాదించేవాళ్లుంటారు. రేడియోధార్మిక పరమాణువు ఎప్పుడు విచ్ఛిన్నమవుతుందో ఎవరూ ముందే చెప్పలేరు, అంత కావాలంటే ఆ విచ్ఛిన్నాలను పసిగట్టే గైగర్ కౌంటర్ కొనుక్కోవాలి. పార్కింగ్‌కి గవ్వ చాలు.

ఏ నంబరు ఎవరిదో గవ్వ వేయకముందే కాగితం మీద రాసి అందరితో సంతకాలు పెట్టించండి. ఫలితం వచ్చాక "ఇంకోసారి వేద్దాం" అనే పెద్దాయన ఒకరుంటారు, గ్లాసు మొదటే ఆయన చేతికిచ్చేయండి.