వరద వార్తలోని అంకె ఎంత పెద్దది? పరిమాణాన్ని అంచనా వేయడం ఎలా?

జూలై, ఆగస్టు నెలల్లో గోదావరి పొంగితే కోనసీమ లంకల నుంచి భీమవరం దాకా అందరి నోటా క్యూసెక్కులు, టీఎంసీలు, అడుగులే. ఆ అంకె వినగానే కొందరు హడలిపోతారు, కొందరు పట్టించుకోరు. అది అసలు ఎంత పెద్దదో లెక్క వేసి చూసేవాళ్లు తక్కువ. గుణకారం, భాగహారం వచ్చిన ఎవరైనా వేయగల లెక్క ఇది.

ముందుగా, మీ ముందున్నది ఏ జాతి పరిమాణమో తేల్చుకోండి. పొడవును పొడవుతో, వైశాల్యాన్ని వైశాల్యంతో మాత్రమే పోల్చగలం. నిష్పత్తి అనేది ఒకే జాతికి చెందిన రెండు పరిమాణాల మధ్య సంబంధమని ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ ఏనాడో నిర్వచించాడు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28.3 లీటర్ల ప్రవాహం. టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగుల నీరు. ఒకటి పారే జోరును చెబుతుంది, రెండోది పోగైన నీటిని చెబుతుంది. 10 లక్షల క్యూసెక్కులు ఎక్కువా, 80 టీఎంసీలు ఎక్కువా అని అడిగితే, ఎంతసేపు పారిందో చెప్పేదాకా జవాబు ఉండదు.

కాబట్టి కాలాన్ని కలపండి. రోజుకు 86,400 సెకన్లు. లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 864 కోట్ల ఘనపుటడుగులు, అంటే 8.64 టీఎంసీలు. ఈ ఒక్క అంకెను కంఠతా పట్టండి, వరద రోజుల్లో ఎంతో పనికొస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 10 లక్షల క్యూసెక్కులకు. ఆ ప్రవాహం ఒక రోజు నిలిస్తే సముద్రంలోకి పోయేది 86.4 టీఎంసీలు.

ఇప్పుడు ఆ నీటిని నేల మీద పరవండి. ఎకరం 43,560 చదరపు అడుగులు. 100 కోట్లను దానితో భాగిస్తే దాదాపు 23,000 వస్తుంది. అంటే ఒక టీఎంసీ 23,000 ఎకరాల్లో అడుగు లోతున నిలుస్తుంది. 86.4 టీఎంసీలు దాదాపు 20 లక్షల ఎకరాల్లో నిలుస్తాయి. గోదావరి డెల్టా ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరాలు. మొదటి హెచ్చరిక నాటి ఒక్క రోజు నీరు ఆయకట్టు మొత్తాన్ని రెండడుగుల లోతున ముంచగలదన్నమాట. గట్ల విలువ ఏమిటో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

తరువాత, సున్నా ఎక్కడుందో చూడండి. చాలామంది పొరబడేది ఇక్కడే. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, ధవళేశ్వరంలో 11.75 అడుగులకే. అంతమాత్రాన భద్రాచలంలో నాలుగింతల నీరు ఉందనుకోకూడదు. కొలబద్ద మీద సున్నా గుర్తు ఒక్కోచోట ఒక్కో ఎత్తులో ఉంటుంది. ఒకే కొలబద్ద మీద 43 నుంచి 48కి పెరిగితే అయిదడుగులు పెరిగిందని చెప్పవచ్చు, తేడాకు అర్థం ఉంది. ఎన్ని రెట్లు అనే మాటకు మాత్రం లేదు. క్యూసెక్కుల సంగతి వేరు. అక్కడ సున్నా అంటే నిజంగానే ప్రవాహం లేదని అర్థం, కనుక రెట్లు చెప్పవచ్చు. ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక 17 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు. 1986 ఆగస్టు వరదలో వచ్చినవి దాదాపు 35 లక్షలు, అంటే దానికి రెట్టింపు.

రెట్లను తొందరగా పట్టుకోవాలంటే సున్నాలు లెక్కపెట్టండి. 10 వేల పక్కన నాలుగు, 10 లక్షల పక్కన ఆరు. రెండు సున్నాల తేడా అంటే వంద రెట్లు. సాగుకు కాలువల్లోకి వదిలే నీరు వేల క్యూసెక్కుల్లో ఉంటుంది, వరద లక్షల్లో ఉంటుంది.

పొడవు రెట్టింపైతే వైశాల్యం కూడా రెట్టింపే అనుకోవద్దు. చతురస్రాకారపు చేపల చెరువు ఒక పక్క 209 అడుగులుంటే అది సుమారు ఎకరం. 418 అడుగులు చేస్తే నాలుగెకరాలు. అందులో పెరిగే శీలావతి పొడవు రెట్టింపై, ఆకారం మారకపోతే, బరువు సుమారు ఎనిమిది రెట్లవుతుంది.

చివరిగా గుర్తు, దిశ. నీటిమట్టం నిన్న ఒక అడుగు పెరిగి ఈ రోజు రెండడుగులు తగ్గిందనుకోండి. సంఖ్యలుగా −2 కంటే +1 పెద్దది. మార్పు పరిమాణం చూస్తే మాత్రం 2దే పైచేయి. దిశ కూడా ఉన్నప్పుడు నేరుగా కూడితే తప్పు వస్తుంది. నావను ఏటికి అడ్డంగా గంటకు 4 కిలోమీటర్ల వేగంతో నడుపుతున్నారు, ప్రవాహం 3 కిలోమీటర్లు. అసలు వేగం 7 కాదు. 16, 9 కలిపి 25, దాని వర్గమూలం 5. కిలోమీటరు వెడల్పున్న పాయను 15 నిమిషాల్లో దాటవచ్చు, కానీ చేరేది ముప్పావు కిలోమీటరు దిగువన. సరిగ్గా ఎదుటి రేవుకే చేరాలంటే నావ ముక్కును ఎగువకు తిప్పాలి. అప్పుడు అడ్డంగా మిగిలే వేగం 16లోంచి 9 తీసేసిన 7కు వర్గమూలం, దాదాపు 2.65. దాటడానికి 23 నిమిషాలు పడుతుంది.