డీప్ పర్పుల్ ఆల్బమ్‌లనూ లైవ్ రికార్డింగులనూ వినడం ఎలా?

డీప్ పర్పుల్ పాటలు విందామని ఏదైనా మ్యూజిక్ యాప్‌లో ఆ పేరు వెతికినవారికి మొదట ఎదురయ్యేది గందరగోళమే. 1968 నుంచి 2024 వరకు ఈ బ్రిటిష్ రాక్ బృందం విడుదల చేసిన స్టూడియో ఆల్బమ్‌లు 23. లైవ్ రికార్డింగులు అంతకంటే చాలా ఎక్కువ. ఒకే పాట పది చోట్ల, పది రకాల నిడివితో, కొన్నిచోట్ల వేరే గాయకుడి గొంతుతో కనిపిస్తుంది. చాలామంది మొదటి ఆల్బమ్ నుంచి వరుసగా మొదలుపెట్టి రెండోదో మూడోదో పూర్తికాకముందే ఆపేస్తారు. మరికొందరు గిటార్ పట్టిన ప్రతి కుర్రవాడూ ముందుగా వాయించే ‘స్మోక్ ఆన్ ద వాటర్’ రిఫ్ (పదేపదే తిరిగొచ్చే చిన్న స్వరాల వరస) విని, ఇంతేనా అనుకుని పక్కన పెడతారు. ఈ రెండు పద్ధతులూ ఈ బృందం విషయంలో పనికిరావు. మన విద్వాంసులకు కీర్తన ఎలాంటిదో వీరికి స్టూడియోలో రికార్డు చేసిన పాట అలాంటిది. సాహిత్యమూ ఎత్తుగడా స్థిరంగా ఉంటాయి, మిగిలినదంతా ఆ రోజు వేదిక మీద మనోధర్మాన్ని బట్టి పెరుగుతుంది. అందువల్ల ఆల్బమ్‌ల వెంట కాకుండా పాటల వెంట నడవడమే మేలని నా అభిప్రాయం.

ముందుగా ఏ కాలంలో ఎవరున్నారో తెలుసుకోండి

ఈ బృందంలో సభ్యులు మారినప్పుడల్లా అభిమానులు ‘మార్క్’ అనే మాటకు ఒక సంఖ్య చేర్చి లెక్కపెడతారు. 1968లో ఇంగ్లండ్‌లోని హర్ట్‌ఫర్డ్‌లో ఏర్పడిన తొలి బృందంలో గాయకుడు రాడ్ ఎవాన్స్, బేస్ గిటార్ వాయించినవాడు నిక్ సింపర్. 1969లో వారి స్థానాల్లోకి ఇయాన్ గిలన్, రోజర్ గ్లోవర్ రావడంతో మార్క్ రెండు మొదలైంది. గిటార్‌పై రిచీ బ్లాక్‌మోర్, ఆర్గన్‌పై జాన్ లార్డ్, డ్రమ్స్‌పై ఇయాన్ పేస్ తొలినుంచీ ఉన్నవారే. 1973 వేసవిలో గిలన్, గ్లోవర్ వెళ్లిపోగా డేవిడ్ కవర్‌డేల్, గ్లెన్ హ్యూస్ చేరారు. అది మార్క్ మూడు. 1975లో బ్లాక్‌మోర్ కూడా తప్పుకోవడంతో టామీ బోలిన్ అనే అమెరికన్ గిటారిస్టు వచ్చాడు, మరుసటి ఏడాది బృందమే విడిపోయింది. 1984లో మార్క్ రెండు సభ్యులు ఐదుగురూ మళ్లీ కలిశారు. ఈ రాకపోకలన్నింటిలో మొదటి రోజు నుంచి నేటి వరకు కదలకుండా కూర్చున్నది డ్రమ్స్ వాయించే పేస్ ఒక్కడే.

ఇదంతా కంఠస్థం చేయనక్కరలేదు. ఏ లైవ్ రికార్డింగ్ తెరిచినా ముందు కచేరీ తేదీ చూడడం అలవాటు చేసుకుంటే చాలు, పాడుతున్నది ఎవరో తేదీయే చెబుతుంది. విడుదలైన సంవత్సరాన్ని మాత్రం నమ్మకండి. 1970లో జరిగిన కచేరీ 1988లో ఆల్బమ్‌గా వచ్చిన సందర్భం కూడా ఈ బృందానికి ఉంది.

మొదటి జత: ‘మెషిన్ హెడ్’, ‘మేడ్ ఇన్ జపాన్’

‘మెషిన్ హెడ్’ 1972 మార్చిలో విడుదలైంది. దీన్ని స్విట్జర్లాండ్‌లోని మాంత్రోలో, అక్కడి క్యాసినో భవనంలో రికార్డు చేయాలనుకున్నారు. 1971 డిసెంబర్ 4న అదే భవనంలో అమెరికన్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా ప్రేక్షకుల్లో ఎవరో ఫ్లేర్ గన్ పేల్చడంతో మంటలు అంటుకుని భవనం మొత్తం కాలిపోయింది. జెనీవా సరస్సు మీద కమ్ముకున్న ఆ పొగే తర్వాత ‘స్మోక్ ఆన్ ద వాటర్’ పాటైంది. అక్కడినుంచి బృందం పెవిలియన్ అనే థియేటర్‌కు మారింది. ఆ పాట వాద్యభాగం అక్కడ రికార్డు అవుతుండగానే ఇరుగుపొరుగువారి ఫిర్యాదుతో పోలీసులు వచ్చారు. చివరికి చలికాలం కావడంతో మూసి ఉన్న గ్రాండ్ హోటల్‌లో, నడవాలో పరుపులు అడ్డుపెట్టుకుని, బయట నిలిపిన రోలింగ్ స్టోన్స్ అనే మరో రాక్ బృందం వారి రికార్డింగ్ ట్రక్కుకు వైర్లు లాగి పని ముగించారు. రికార్డు చేసినదాన్ని వినాలంటే గదులూ బాల్కనీలూ దాటి ఆ ట్రక్కు దాకా వెళ్లాల్సి వచ్చేది. స్టూడియో ఆల్బమ్ అయినా ఇందులో వేదిక మీది ఊపు వినిపించడానికి ఈ అవస్థే కొంత కారణమని నేననుకుంటాను.

ఇందులో ఉన్నవి ఏడు పాటలు. మొదటి రోజు వీటిని మాత్రమే, వీలైతే రెండుసార్లు వినండి. మరునాడు ‘మేడ్ ఇన్ జపాన్’ తీయండి. ఇది 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలోనూ, 17న టోక్యోలోని బుడోకాన్‌లోనూ జరిగిన కచేరీల నుంచి ఎంపిక చేసిన రెండు ఎల్పీల ఆల్బమ్. రెండింటికీ సౌండ్ ఇంజనీర్ మార్టిన్ బర్చే కాబట్టి పోలిక చక్కగా కుదురుతుంది. ఇందులోని ఏడింటిలో నాలుగు ‘మెషిన్ హెడ్’ పాటలే. ‘హైవే స్టార్’ స్టూడియోలో ఆరు నిమిషాలు, జపాన్‌లో ఏడు నిమిషాలకు కాస్త తక్కువ. అంటే దీన్ని దాదాపు ఉన్నదున్నట్లు, మరింత వేగంగా వాయించారు. ‘లేజీ’ ఏడు నుంచి పది నిమిషాలు దాటింది. ‘స్పేస్ ట్రకిన్’ స్టూడియోలో నాలుగున్నర నిమిషాలే, జపాన్‌లో దాదాపు ఇరవై. నాలుగింటినీ జతలు జతలుగా వింటే ఏ పాటను కీర్తనలా గౌరవించారో, దేన్ని పల్లవిగా పట్టుకుని విస్తరించారో స్పష్టంగా తెలుస్తుంది.

ఈ నిడివుల గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, చదువుకునే రోజుల్లో ఒక స్నేహితుడు నాకు ఈ ఆల్బమ్‌ను 60 నిమిషాల క్యాసెట్‌లోకి కాపీ చేసి ఇచ్చాడు. అసలు ఆల్బమ్ దాదాపు 77 నిమిషాలు. దాంతో మొదటి వైపు డ్రమ్స్ సోలో మధ్యలో టక్కున తెగిపోయేది, రెండో వైపు ‘స్పేస్ ట్రకిన్’ మొదలైన మూడు నాలుగు నిమిషాలకే టేపు అయిపోయేది. ఆ పాట అంతేనని చాలా ఏళ్లు నమ్మాను. తర్వాత సీడీలో మిగిలిన పదహారు నిమిషాలు విన్న రాత్రి, ఇన్నాళ్లూ నేను విన్నది గుమ్మం మాత్రమేనని అర్థమైంది. ఇప్పటికీ కొన్ని ప్లేలిస్టుల్లో కత్తిరించిన పాటలే ఉంటాయి కనుక నిడివి చూడనిదే ప్లే నొక్కకండి.

ఒకే పాటను దగ్గరగా వినండి

‘చైల్డ్ ఇన్ టైమ్’ ఇందుకు బాగా పనికొస్తుంది. 1970 నాటి ‘ఇన్ రాక్’ ఆల్బమ్‌లో ఇది పది నిమిషాలకు పైగా ఉంటుంది. మొదట ఆర్గన్ వినిపిస్తుంది. ఆ స్వరాల వరస ‘ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే’ అనే అమెరికన్ బృందం 1969లో విడుదల చేసిన ‘బాంబే కాలింగ్’ నుంచి తీసుకున్నది. దానికన్నా ఇక్కడ నడక బాగా నెమ్మది. తర్వాత గిలన్ మాటలతో కొంత పాడి, మాటలు విడిచిపెట్టి కేవలం ‘ఊ’, ‘ఆ’ అంటూ ఆలాపనలా మెట్టు మెట్టుగా పై స్థాయికి వెళతాడు. చివరి మెట్టు కేక. అక్కడ గిటార్ అందుకుంటుంది. మొదట నింపాదిగా, తర్వాత లయ రెట్టింపై, ఐదుగురూ ఒకేచోట ఠక్కున ఆగుతారు. నిశ్శబ్దంలోంచి మళ్లీ అదే ఆర్గన్.

ఈ క్రమం మనసులో పడ్డాక ఒసాకాలో ఆగస్టు 16న పాడినది వినండి. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఆర్గన్ ఒక చెవివైపు, గిటార్ మరో చెవివైపు ఎక్కువగా వినిపిస్తాయి. ఏది ఎటువైపు ఉందో ముందుగా గుర్తుపట్టండి. జాన్ లార్డ్ తన హామండ్ ఆర్గన్‌ను గిటార్లకు వాడే మార్షల్ యాంప్లిఫైయర్ గుండా పంపేవాడు. దానివల్ల ఆ వాద్యానికి గరుకైన గొంతు వచ్చింది, చాలాచోట్ల అది గిటారో ఆర్గనో పోల్చుకోవడం కష్టం. రెండు చెవుల తేడా పట్టుకుంటే ఆ చిక్కు విడిపోతుంది. ఒక్కో వాద్యాన్ని మాత్రమే వెంబడిస్తూ పాటను మూడుసార్లు వినడం విసుగనిపించవచ్చు గానీ, నాలుగోసారి మొత్తం విన్నప్పుడు ఆ విసుగుకు తగిన ఫలితం ఉంటుంది. వయసుతో పాటు గిలన్ గొంతు మారడంతో ఈ పాట తర్వాతి కాలపు కచేరీల నుంచి తప్పుకుంది. అందుకే దీన్ని 1970ల తొలి రికార్డింగుల్లోనే వెతకాలి.

‘మేడ్ ఇన్ జపాన్’లోని ‘ద మ్యూల్’ మన కచేరీల్లోని తని ఆవర్తనంతో పోల్చదగినది. పాట నెపమాత్రం, అసలు విషయం పేస్ డ్రమ్స్. ‘స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ ఉమన్’లో గిటార్‌కూ గొంతుకూ మధ్య సవాల్ జవాబ్ నడుస్తుంది. బ్లాక్‌మోర్ ఒక ముక్క వాయిస్తే గిలన్ దాన్ని గొంతుతో తిరిగి పలుకుతాడు, బ్లాక్‌మోర్ మరింత కష్టమైనది విసురుతాడు. ఇద్దరి మధ్య పోటీలో కొంత నిజమైన కోపం కూడా ఉండి ఉంటుందని, పది నెలల తర్వాత గిలన్ వెళ్లిపోయిన సంగతి తెలిసినవారికి అనుమానం కలుగుతుంది.

పాటను వెనక్కి తవ్వండి

ఇక్కడినుంచి రెండు దారులున్నాయి. మొదటిది, ఆ జపాన్ కచేరీలనే మరింత వివరంగా వినడం. 1993లో ‘లైవ్ ఇన్ జపాన్’ పేరుతో మూడు సీడీల్లో ఆ మూడు రాత్రుల రికార్డింగులూ వచ్చాయి. అసలు ఆల్బమ్‌లో ‘స్మోక్ ఆన్ ద వాటర్’ మాత్రమే 15వ తేదీది, ‘ద మ్యూల్’, ‘లేజీ’ టోక్యోవి, మిగిలిన నాలుగూ 16వ తేదీవి. మిగతా రాత్రుల్లో అవే పాటలు ఎలా నడిచాయో విని, ఎంపిక సరైనదేనా అని మీరే తీర్పు చెప్పవచ్చు. రెండో దారి నాకు మరింత ఇష్టం. ‘స్పేస్ ట్రకిన్’లోని ఆ పదిహేను నిమిషాల వాద్య విస్తరణ ఆ పాట కోసం పుట్టింది కాదు. 1968 నాటి తొలి ఆల్బమ్‌లోని ‘మాండ్రేక్ రూట్’ పాటకు వేదిక మీద పెరిగిన భాగం అది, ఆ పాటను పక్కన పెట్టాక కొత్త పాటకు అతుక్కుంది. 1970 నవంబర్‌లో స్టాక్‌హోమ్‌లో జరిగిన కచేరీ ‘స్కాండినేవియన్ నైట్స్’ పేరుతో దొరుకుతుంది. అందులో ‘మాండ్రేక్ రూట్’ విని, ఆ తర్వాత ఒసాకా ‘స్పేస్ ట్రకిన్’ వింటే పాత బంధువును కొత్త ఇంట్లో చూసినట్లుంటుంది. తొలి ఆల్బమ్‌ను ఈ దశలో తెరిస్తే అది పాతబడినదిగా అనిపించదు, మొదట్లోనే తెరిస్తే మాత్రం అనిపిస్తుంది.

ఈ పోలికల కోసం ఒక నోటుపుస్తకంలో పాట పేరు, కచేరీ తేదీ, ఊరు, నిడివి, సోలో మొదలైన నిమిషం రాసుకుంటే ఎంతో ఉపయోగం. నాలుగైదు పాటలకే రాసినా సరిపోతుంది.

కొనేటప్పుడు, ఎంచుకునేటప్పుడు

రీమాస్టర్, రీమిక్స్ ఒకటి కావు. రీమాస్టర్‌లో పాత మిశ్రమం, అంటే వాద్యాలనూ గొంతునూ కలిపిన తీరు, అలాగే ఉండి ధ్వని మాత్రమే సరిచేయబడుతుంది. రీమిక్స్‌లో విడివిడి ట్రాకులను తిరిగి కలుపుతారు కాబట్టి మీరు ఎన్నడూ వినని వాద్యపు ముక్క ముందుకు రావచ్చు, పరిచయమైనది వెనక్కి పోవచ్చు. మొదటిసారి వినేవారు పాత మిశ్రమాన్నే ఎంచుకోవాలి. తర్వాత 2024లో వచ్చిన ‘మెషిన్ హెడ్’ రీమిక్స్ వినండి. దాన్ని చేసింది డ్వీజిల్ జప్పా, అంటే ఆ రాత్రి క్యాసినోలో కచేరీ చేస్తున్న ఫ్రాంక్ జప్పా కొడుకు. అలాగే ‘బ్లాక్ నైట్’, ‘స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ ఉమన్’ సింగిల్స్‌గా, అంటే విడి పాటలుగా వచ్చినవి, అసలు బ్రిటిష్ ఆల్బమ్‌లలో లేవు. మాంత్రోలోనే రికార్డు చేసిన ‘వెన్ ఎ బ్లైండ్ మ్యాన్ క్రైస్’ను కూడా ఆల్బమ్‌లో చేర్చలేదు. ఇంత మంచి పాటను ఎలా వదిలేశారో నాకు నేటికీ అంతుపట్టదు.

మిగిలిన మార్క్‌లు

మార్క్ మూడుకు ‘బర్న్’ ఆల్బమ్, దానికి జతగా 1974 ఏప్రిల్ 6న అమెరికాలో జరిగిన కాలిఫోర్నియా జామ్ కచేరీ తీసుకోండి. దీన్ని వినడం కన్నా చూడడం మేలు. కవర్‌డేల్ బరువైన గొంతుతో, హ్యూస్ పైస్థాయి గొంతుతో ఒకే పాటను పంచుకుంటారు. చివర్లో బ్లాక్‌మోర్ గిటార్‌తో టీవీ కెమెరాను పొడుస్తాడు. టామీ బోలిన్ కాలానికి ‘కమ్ టేస్ట్ ద బ్యాండ్’ ఒక్కటి చాలు. 1969 సెప్టెంబర్‌లో రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో రాయల్ ఫిల్‌హార్మానిక్ ఆర్కెస్ట్రాతో కలిసి వాయించిన జాన్ లార్డ్ ‘కన్చెర్టో’ను పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం మీద ఆసక్తి ఉన్నవారు వినవచ్చు, తక్కినవారు వాయిదా వేసుకున్నా నష్టం లేదు.

1984 పునస్సమాగమానికి ‘పర్‌ఫెక్ట్ స్ట్రేంజర్స్’ వినండి. 1993లో బ్లాక్‌మోర్ శాశ్వతంగా తప్పుకున్నాక వచ్చిన గిటారిస్టు స్టీవ్ మోర్స్‌ను అంచనా వేయడానికి మాత్రం మన దేశంలోనే ఒక రికార్డింగ్ ఉంది. 1995 ఏప్రిల్‌లో, అతనితో కలిసి చేసిన తొలి ఆల్బమ్ ఇంకా వెలువడక ముందే, బృందం ముంబైలో చేసిన కచేరీ వీడియో అది. దాని పేరు ‘బాంబే కాలింగ్’. ‘చైల్డ్ ఇన్ టైమ్’ ఆర్గన్ వరస ఎక్కడినుంచి వచ్చిందో తెలిసినవారికి ఆ పేరు చూడగానే నవ్వొస్తుంది.